అడుగుజాడల మీద హక్కు

హైదరాబాదు నగరానికి ఆగ్నేయంగా, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లు దాటిన తరువాత, రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలో నాదర్‌గుల్ అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు చేలు, చెరువు, చిన్న విమానాలు దిగే ఒక మైదానం తప్ప అక్కడ చెప్పుకోదగినవి ఎక్కువ లేవు. నేడు ఆ చేలలో కాలనీలు లేచినవి. ఈ వ్యాసకర్త కాపురం అక్కడనే. విమానం నడిపేవాడు తానెక్కడ ఉన్నదీ ఎప్పటికప్పుడు క్రిందివారికి తెలుపుతూ ఉండవలెనని, అదే అతనికి రక్షణ అని ఆ మైదానం చూపించి మా అమ్మాయికి ఎన్నోసార్లు చెప్పినాను. తానెక్కడ ఉన్నదీ ఇతరులకు తెలియకుండుట కూడా ఒక్కొక్కప్పుడు రక్షణే అని చెప్పవలసి వస్తుందని అప్పుడు తోచలేదు.

రెండేండ్ల క్రిందట ఆమె చదివే బడివారు బస్సు ఎక్కడ ఉన్నదీ తల్లిదండ్రులు చూచుకొనుటకు ఒక మొబైల్ యాప్ పెట్టించినారు. వానాకాలంలో రోడ్డుమీద గంటసేపు నిలబడే బాధ తప్పినందుకు అందరమూ సంతోషించినాము. రెండవ వారంలో ఒక సాయంత్రం తీరికగా ఆ యాప్‌ను తిప్పి చూడగా, బస్సు గుర్తుతోపాటు అది ఆగే ప్రతిచోటా దిగే పిల్లల పేర్లు, తరగతి, దిగే వేళ అన్నీ కనబడినవి. మా పిల్లవి మాత్రమే కాదు, ఆ దారిలో పోయే పిల్లలందరివీ. ఏ పిల్ల ఏ సందు మొగలో ఎన్ని గంటలకు ఒంటరిగా దిగుతుందో ఆ యాప్ తెరచిన ఎవరికైనా తెలిసిపోతుంది. మరునాడు బడికి పోయి అడిగితే ఆఫీసు గుమాస్తా నవ్వి, “అందరూ మన పేరెంట్సే కద సార్, దీంట్ల భయమేమున్నది?” అన్నాడు. నేను పట్టు విడువకపోయేసరికి, “పేర్లు తీసెయ్యాలని ఏ చట్టంల ఉన్నదో చెప్పుండ్రి సార్, తీసేస్తం” అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆనాడు నా వద్ద జవాబు లేదు. భౌతికశాస్త్రం పాఠం చెప్పుకొనే నాకు చట్టంతో ఎన్నడూ పని పడలేదు. వెదకడం మొదలుపెట్టిన తరువాత, ఇది మొబైల్ ఫోనుతో పుట్టిన ప్రశ్న కాదనీ, నూరేండ్లకు పైబడిన చరిత్ర దీనికి ఉన్నదనీ, అందులో పెద్ద భాగం మన తెలుగు నేలమీదనో, తెలుగువారి చేతనో నడిచినదనీ తెలిసినది.

చరిత్రకు ముందు, ఫోను తన ఉనికిని ఎట్లా కనుగొంటుందో కొంచెం చెప్పవలెను. చదువుకొన్నవారిలో కూడా దీనిగురించి ఒక పొరపాటు భావం ఉన్నది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలు తమ గడియారంలో వేళ ఎంతో రేడియో తరంగాల ద్వారా చాటుతూ ఉంటాయి. ఫోను ఆ తరంగం ఎంత ఆలస్యంగా తనను చేరినదో లెక్కించి, ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో తెలుసుకొంటుంది. తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, వేళలో సెకనుకు పదిలక్షల వంతు పొరపడినా దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడింటికి మూడు ఉపగ్రహాలు కావలెను. ఫోనులోని చవక గడియారం తప్పును సరిదిద్దుటకు నాల్గవది కావలెను. ఈ వ్యవహారమంతటిలో ఫోను వింటున్నదే గాని మాట్లాడుట లేదు. మన సంగతి ఉపగ్రహానికి ఏమీ తెలియదు. “ఉపగ్రహం మనలను చూస్తున్నది” అనే మాట తప్పు. లెక్క పూర్తి అయిన తరువాత యాప్ ఆ అంకెలను ఇంటర్నెట్ ద్వారా తన యజమాని కంప్యూటరుకు పంపినప్పుడే మన ఉనికి బయటికి పోతుంది. అనగా గుట్టు బయటపెట్టేది ఆకాశంలో లేదు, జేబులోనే ఉన్నది.

సెల్ టవరు విషయం దీనికి వ్యతిరేకం. మనకు కాల్ వస్తే ఏ టవరు ద్వారా అందించవలెనో కంపెనీకి తెలియాలి గనుక, ఫోను తాను ఏ టవరు నీడలో ఉన్నదో చెప్పుకొంటూనే ఉంటుంది. బటన్ల ఫోనుకైనా ఇది తప్పదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో దిగి నాదర్‌గుల్ వరకు వచ్చేలోపల నా ఫోను దారిలోని టవర్ల దగ్గర విడిచే ఆనవాళ్ళు కంపెనీ లెక్కలో పడతాయి.

ఇక అంకెల సూక్ష్మత. నాదర్‌గుల్ సుమారు 17.3 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి మొదటి దశాంశ స్థానం 11 కిలోమీటర్లు, రెండవది 1.1 కిలోమీటరు, నాల్గవది 11 మీటర్లు, అయిదవది ఇంచుమించు ఒక మీటరు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును, పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు. ఒక దశాంశానికి ఊరు తెలుస్తుంది, రెండింటికి పేట, నాలుగింటికి ఇల్లు, అయిదింటికి ఆ ఇంట్లో మంచం వేసిన చోటు. వాతావరణం చెప్పే యాప్‌కు మొదటి దశాంశం చాలును. అయినా అది అయిదవది అడుగుతుంది. 2020, 2021 సంవత్సరాలలో వచ్చిన ఐఫోను, ఆండ్రాయిడ్ కూర్పులలో “సుమారు ఉనికి మాత్రమే ఇవ్వుము” అని చెప్పే వీలు కలిగించినారు. అది ఈ లెక్క మీద ఆధారపడిన ఏర్పాటే.

పేరు తీసివేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. 2013లో ద మొంజోయ్ అనే శాస్త్రజ్ఞుడూ అతని సహచరులూ 15 లక్షలమంది ఫోను వాడకందారుల పదునైదు మాసాల కదలికలను పేర్లు లేకుండా పరిశీలించినారు. ఒక మనిషి ఏ గంటలో ఏ టవరు దగ్గర ఉన్నాడన్న సంగతి నాలుగు సందర్భాలలో తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగిలిన అందరినుండి వేరుచేయవచ్చునని తేలినది. ఇందులో వింత ఏమీ లేదు. రాత్రి ఈ ఇంట్లో, పగలు ఆ కళాశాలలో, ఆదివారం ఫలానా గుడిలో లేక మసీదులో లేక చర్చిలో, నెలకొకసారి ఫలానా డాక్టరు వద్ద ఉండే మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉంటాడు. అయిదు నిమిషాలకు ఒకసారి ఉనికిని పంపే యాప్ రోజుకు 288 చుక్కలు, ఏడాదికి 1,05,120 చుక్కలు పోగుచేస్తుంది. ఆ చుక్కలను కలిపితే వచ్చే బొమ్మలో మనిషి మతం, జబ్బు, స్నేహాలు, అప్పులు అన్నీ కనబడతాయి.

సమాచారం పోగైనచోట అంగడి వెలుస్తుంది. 2013 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చిలైటు యాప్ మీద చర్య తీసుకొన్నది. ఆ యాప్ చేసే పని ఫోను వెనుక దీపం వెలిగించుట మాత్రమే. కాని అది కోట్లమంది వాడకందారుల ఉనికిని ప్రకటనల కంపెనీలకు చేరవేసినది. అనుమతి అడిగినట్లు తెరమీద కనబడేది గాని, వద్దన్నా కాదన్నా సమాచారం పోతూనే ఉండేదని కమిషన్ ఆరోపించినది. చీకట్లో దారి చూపవలసిన దీపం మన దారిని ఇతరులకు చూపినదన్నమాట.

ఎరుకలవారి హాజరు

చట్టం మొదట మనిషి ఉనికిని కాపాడుటకు రాలేదు, లాగుకొనుటకు వచ్చినది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం ఉత్తరదేశంలో తెచ్చిన “క్రిమినల్ ట్రైబ్స్” చట్టం, అనగా నేరస్థ జాతుల చట్టం, 1911లో కొత్తరూపం దాల్చి మద్రాసు రాజధానికి కూడా వర్తించినది. కొన్ని కులాలలో పుట్టుటయే నేరస్వభావమని ఆ చట్టం భావించినది. అట్లా జాబితాలో చేరినవారు నియమించిన వేళలకు హాజరు ఇవ్వవలెను. నివాసం ఎక్కడో తెలుపవలెను. నివాసం మారినా, మార్చదలచినా, ఊరు విడిచినా, విడువదలచినా ముందుగా తెలుపవలెను. నేటి యాప్ తనంత తాను చేసే పనిని ఆనాడు మనిషి స్వయంగా నడచిపోయి చేయవలసి వచ్చినది.

తెలుగుదేశంలో ఈ చట్టం దెబ్బ ముఖ్యంగా ఎరుకలవారి మీద పడినది. వీరు ఎడ్లమీద, గాడిదలమీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరానికీ లోనాడుకూ మధ్య వర్తకం చేసుకొని బ్రతికినవారు. రైళ్ళు వచ్చి, ఉప్పుమీద ప్రభుత్వం పట్టు బిగించిన తరువాత ఆ వర్తకం దెబ్బతిన్నది. తిరుగుటయే జీవనోపాధిగా గలవారికి తిరుగుటయే నేరమైనది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను వారి నిర్వహణలో మరొకటి, ఇట్లా “సెటిల్‌మెంట్లు” ఏర్పడినవి. అక్కడివారు హాజరు చెప్పుకొని, అనుమతి చీటీతో బయటికి పోయి, చెప్పిన వేళకు తిరిగి రావలెను. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలోనే మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని తొలగించినది. 1952 ఆగస్టు 31న దేశమంతటా అది రద్దయినది. విముక్త జాతులవారు ఆ దినాన్ని నేటికీ జరుపుకొంటారు. అయితే ఆ ఊరి పేరు చెబితే చిరునవ్వు నవ్వే అలవాటు మన చదువుకొన్న వారిలో ఇంకా పోలేదు. ఆ నవ్వు కూడా ఆ చట్టం మిగిల్చిన ఆస్తియే.

ఒక మూక బలవంతంగా ఇచ్చిన హాజరుకూ, మనము “అనుమతించు” అని నొక్కి ఇచ్చే హాజరుకూ పోలిక ఏమని పాఠకులు అడుగవచ్చును. బాధలో పోలిక లేదు. లెక్కలో ఉన్నది. ఎక్కడ ఉన్నావు, ఎక్కడికి పోతున్నావు, ఎప్పుడు వస్తావు అనే మూడు ప్రశ్నలకు జవాబులు ఎవరి వద్ద ఉంటాయో వారికి ఆ మనిషిమీద పెత్తనం ఉంటుంది. అందువల్లనే ఆ చట్టం ఆ మూడింటినే ఏరి అడిగినది.

సుబ్బారావుగారి భిన్నాభిప్రాయం

ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే మనిషిమీద 1941లో బందిపోటు కేసు ఒకటి వచ్చినది. సాక్ష్యం లేక విడిచిపెట్టినారు. అయినా పోలీసులు అతని పేర “హిస్టరీ షీటు” తెరచినారు. మన పోలీసు స్టేషన్లలో “రౌడీ షీటు” అనే మాట వినని తెలుగువారు ఉండరు గనుక దీనిని వివరించనక్కరలేదు. అతని ఫిర్యాదు ఏమనగా: రాత్రివేళ చౌకీదారులో కానిస్టేబుళ్ళో వచ్చి తలుపు తట్టి, అరచి, నిద్ర లేపుతారు. కొన్నిసార్లు మూడు మైళ్ళ దూరంలోని పోలీసు స్టేషనుకు నడిపించి హాజరు చెప్పిస్తారు. ఊరు విడిచి పోవలసివస్తే ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు వస్తున్నదీ చెప్పి పోవలెను. వెంటనే ఆ ఊరి స్టేషనుకు కబురు పోతుంది. అక్కడ కూడా అదే కాపలా.

దీనికంతటికీ ఆధారం ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది. ఇంటిని రహస్యంగా కనిపెట్టి ఉండుట, రాత్రులు ఇంటికి పోయి చూచుట, రాకపోకలు తెలుపుట, విచారణ చీటీలతో వాటిని సరిచూచుట అన్నీ అందులో ఉన్నవి. ఖడక్ సింగ్ నేరుగా సుప్రీంకోర్టుకు పోయినాడు. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పినది. నలుగురు న్యాయమూర్తులు రాత్రివేళ ఇంటికి పోవుటను మాత్రం కొట్టివేసి, తక్కిన నిఘాను నిలిపినారు. రాజ్యాంగంలో గోప్యత అనే హక్కు ఏదీ లేదన్నారు. స్వేచ్ఛగా సంచరించే హక్కు అంటే శరీరం ఒకచోటి నుండి మరొకచోటికి అడ్డులేకుండా పోవుట అని వారి అభిప్రాయం. ఎవరో చూస్తున్నారనే బెదురు అడ్డు క్రిందికి రాదు.

మిగిలిన ఇద్దరు ఒప్పుకొనలేదు. వారిలో ఒకరు జస్టిస్ జె.సి. షా. ఆయన తరఫున కూడా కలిపి భిన్నాభిప్రాయం వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన 1902లో రాజమహేంద్రవరంలో పుట్టినారు. గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకూ, 1956లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు. సంచారం అంటే యంత్రంవలె కదలుట కాదనీ, పోలీసు కన్ను వెన్నంటి ఉండగా తిరిగే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నాడనుట సరికాదనీ, అట్టివానికి దేశమంతా చెరసాలయేననీ ఆయన అభిప్రాయపడినారు. గోప్యత అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది అంతర్భాగమని, కాబట్టి 236వ నిబంధన మొత్తం చెల్లదని వ్రాసినారు.

భౌతికశాస్త్రం చెప్పేవాడికి ఈ తగవులో ఒక ప్రత్యేకమైన రుచి ఉన్నది. నలుగురు న్యాయమూర్తులు చలనాన్ని మన పాఠ్యపుస్తకంలో వలె చూచినారు: స్థానభ్రంశం జరిగినదా లేదా? జరిగితే సరే. పరిశీలకుడు ఉన్నందువల్ల పరిశీలింపబడే వస్తువు మారదని వారి నమ్మకం. రాయి విషయంలో అది నిజమే. మనిషి విషయంలో కాదని సుబ్బారావుగారు గ్రహించినారు. ఆనాటికి మన దేశంలో మామూలు ఫోనే అరుదు. జేబులో ఫోను ఊహకు కూడా అందనిది. అయినా ఆయన వ్రాసిన ఆ పుటలు నేటికి అక్షరాలా సరిపోతున్నవి. కాని ఓడిన తీర్పు చట్టం కాదు గదా! అది యాభై అయిదేండ్లు అట్లే ఉండిపోయినది.

ఈ మధ్యకాలంలో హైదరాబాదు నుండే మరొక తగవు బయలుదేరినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టంలో 73వ సెక్షను సవరించినది. దాని ప్రకారం స్టాంపు రుసుము ఎగవేత కనిపెట్టుటకు కలెక్టరు ఎవరినైనా నియమించి బ్యాంకుల వంటి చోట్ల కూడా దస్తావేజులు తనిఖీ చేయించవచ్చును. కెనరా బ్యాంకు మొదలైనవి ఎదిరించినవి. హైకోర్టు సవరణను కొట్టివేసినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు సుప్రీంకోర్టుకు పోయినారు. 2004 నవంబరులో జస్టిస్ లహోటీ, జస్టిస్ అశోక్ భాన్ హైకోర్టు తీర్పునే నిలిపినారు. గోప్యత మనుషులకు చెందినదే గాని స్థలాలకు చెందినది కాదని, కాగితం బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన ఖాతాదారు దానిమీద హక్కు వదులుకొన్నట్లు కాదని అందులోని సారం.

ఈ తీర్పు మన విషయానికి మూలరాయి అని నా అభిప్రాయం. దానికి రావలసినంత పేరు రాలేదు. ఎందుకనగా మన ఉనికి కూడా మన ఇంట్లో ఉండదు. ఫోను కంపెనీ కంప్యూటరులో, యాప్ యజమాని కంప్యూటరులో ఉంటుంది. “నీవే వారికి ఇచ్చినావు, ఇక నీదేమున్నది?” అనేదే ఎదుటిపక్షం వాదం. అమెరికా సుప్రీంకోర్టు 1976లో బ్యాంకు కాగితాల విషయంలో సరిగా ఆ వాదాన్నే ఆమోదించినది. మన సుప్రీంకోర్టు హైదరాబాదు కేసులో దానిని అనుసరించలేదు. తరువాత పదునాలుగేండ్లకు, 2018 జూన్‌లో, కార్పెంటర్ అనే వాని కేసులో అమెరికా కోర్టు కూడా ఫోను విషయంలో దారి మార్చుకొన్నది. అతని ఫోను 127 దినాలలో 12,898 చోట్ల ఉన్న ఆనవాళ్ళను పోలీసులు కంపెనీ నుండి తీసుకొన్నారు. న్యాయాధికారి వారంటు లేకుండా అట్లా తీసుకొనరాదని అయిదుగురు, ఫరవాలేదని నలుగురు తీర్పు చెప్పినారు.

2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను ప్రశ్నిస్తూ పిటిషను వేసినారు. గోప్యత హక్కే లేదు, ఖడక్ సింగ్ తీర్పు చూడుడని ప్రభుత్వం తరఫున వాదించినారు. 2015 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తులు ఈ చిక్కుముడిని పెద్ద ధర్మాసనానికి పంపినారు. ఆ ముగ్గురికి పెద్ద, కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆయన తరువాతి తొమ్మండుగురి ధర్మాసనంలో కూడా ఉండి ప్రత్యేకంగా తీర్పు వ్రాసినారు. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మండుగురూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఖడక్ సింగ్ తీర్పులోని ఆ భాగం చెల్లదన్నారు. సుబ్బారావుగారి భిన్నాభిప్రాయమే సరియైనదన్నారు. 1976లో కాలం చేసిన ఆయన దానిని వినలేదు.

హక్కు వేరు, దానిని నడిపించే చట్టం వేరు. రాజ్యాంగపు హక్కు ముఖ్యంగా ప్రభుత్వానికి ఎదురు నిలుస్తుంది. టార్చిలైటు యాప్ యజమానికి శాసనసభ చేసిన చట్టం కావలెను. ఆనాటికి ఉన్నవి ఐ.టి. చట్టం క్రింద 2011లో చేసిన నియమాలు మాత్రమే. వాటిలో “సున్నితమైన” సమాచారం అని ఒక జాబితా ఉన్నది: పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రల వంటివి. అందులో ఉనికి లేదు. ఐరోపావారి చట్టం మాత్రం, 2018 మే 25 నుండి అమలులో ఉన్నది, వ్యక్తిగత సమాచారపు నిర్వచనంలోనే ఉనికిని పేరెత్తి చెప్పినది. మనకు జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడినది. 2018 జనవరిలో అది హైదరాబాదులో కూడా ప్రజాభిప్రాయం విన్నది. దాని ముసాయిదా నుండి 2019లో ఒక బిల్లు పుట్టినది. 2022 ఆగస్టులో దానిని ఉపసంహరించినారు.

ఆ నడుమ మహమ్మారి వచ్చినది. 2020 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం ఆరోగ్య సేతు యాప్ విడుదల చేసినది. అది బ్లూటూత్‌తోపాటు ఉనికిని కూడా ఉపయోగించినది. మే 1న ఉద్యోగులందరూ దానిని పెట్టుకొనవలెనని ఉత్తర్వు వచ్చినది. ఆ సమాచారం ఎంతకాలం ఉంచవలెనో చెప్పే పద్ధతి మే 11న గాని రాలేదు. మామూలుగా 180 దినాలు దాటరాదని అందులో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇండ్లలో ఏకాంతవాసం చేస్తున్నవారి ఫోన్లను టవర్ల ద్వారా కనిపెట్టి, వారు హద్దు దాటితే అధికారులకు తెలిపే ఏర్పాటు చేసినారు. అంటువ్యాధి కాలంలో అట్టి అవసరం ఉండదని అనజాలను. ముందు సేకరణ, తరువాత నియమం అనే వరుస మాత్రం తలక్రిందులని అనక తప్పదు.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందినది. ఉనికికి ప్రత్యేకమైన వర్గం అందులో లేదు. ఒక వ్యక్తిని గుర్తించగల సమాచారమంతా దాని క్రిందికి వస్తుంది, ఉనికి అందులో ఒక భాగం. అనుమతి స్వేచ్ఛగా, తెలిసి, ఒక నిర్ణీత పనికోసం ఇచ్చినదై ఉండవలెను. ఆ పనికి అవసరమైనంత సమాచారానికే అది వర్తించును. డాక్టరుతో మాట్లాడించే యాప్ ఫోనులోని నంబర్ల పట్టిక కూడా అడిగి, వాడకందారు సరేనన్నా, ఆ పట్టికకు అనుమతి చెల్లదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చినారు. టార్చిలైటుకు ఉనికి ఎందుకు అనే ప్రశ్నకు ఇదే జవాబు. అనుమతి ఇచ్చుట ఎంత సులభమో, వెనుకకు తీసుకొనుట అంత సులభం కావలెను. పని తీరిన తరువాత సమాచారం చెరిపివేయవలెను. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా నోటీసు చదువుకొనే వీలు కల్పించవలెను. అనగా ఆ షరతులను తెలుగులో చూపుమని అడుగుట మన హక్కు అవుతుంది. తగిన భద్రత పాటించక సమాచారం పోగొట్టుకొన్నవారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. రాజ్యభద్రత మొదలైన కారణాలు చూపి ప్రభుత్వం తన సంస్థలను దీనినుండి మినహాయించుకొనే వీలు కూడా ఇదే చట్టంలో ఉన్నది. ఆ తలుపు మరీ వెడల్పుగా ఉన్నదని విమర్శ బలంగానే వచ్చినది.

ఉపాధ్యాయులు ముఖ్యంగా చూడవలసినది తొమ్మిదవ సెక్షను. 18 ఏండ్లు నిండనివారందరూ ఈ చట్టానికి పిల్లలే. హైస్కూలు విద్యార్థులు సరే, ఇంటర్మీడియటు చదివేవారు కూడా చాలావరకు ఇందులోకే వస్తారు. వారి సమాచారానికి తల్లి లేక తండ్రి అనుమతి నిర్ధారణగా తీసుకొనవలెను. వారి జాడ పట్టుట, ప్రవర్తనను కనిపెట్టి ఉండుట నిషిద్ధం. 2025 నవంబరులో ప్రకటించిన నియమావళిలో దీనికి కొన్ని మినహాయింపులు ఇచ్చినారు. పిల్లలను బడికి తెచ్చి తిరిగి దింపే రవాణాదారు, ఆ ప్రయాణం సాగుతున్నంతసేపు, వారి క్షేమం కోసం ఉనికిని కనిపెట్టవచ్చును. మినహాయింపు అంతవరకే. చట్టంలోని ఈ ముఖ్యభాగాలు ఆ ప్రకటన తరువాత 18 నెలలకు, అనగా 2027 మే నెలలో అమలులోకి రావలెనని నియమం.

2024 జులై 8న సుప్రీంకోర్టు మరొక తీర్పు చెప్పినది. మాదకద్రవ్యాల కేసులో ఫ్రాంక్ వైటస్ అనే నైజీరియా దేశస్థునికి బెయిలు ఇస్తూ, ఫోనులో గూగుల్ మ్యాపు మీద తన ఉనికి గుర్తును విచారణాధికారికి కనబడేటట్లు పెట్టవలెనని షరతు విధించి ఉండినారు. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ఆ షరతును కొట్టివేసినారు. వీరిలో రెండవవారు అంతకుముందు మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. బెయిలు మీద ఉన్న మనిషి ప్రతి కదలికనూ పోలీసులు కనిపెట్టేటట్లు చేసే షరతు గోప్యతను భంగపరచునని తీర్పు. ఆ గుర్తు పెట్టినంత మాత్రాన మనిషి ఎప్పటికప్పుడు ఎక్కడ తిరుగుతున్నాడో తెలియదని గూగుల్ కంపెనీ కోర్టుకు చెప్పినది. అనగా షరతు విధించినవారికి ఆ పరికరం ఏమి చేస్తుందో కూడా సరిగా తెలియదు. చౌకీదారు లేడు, మూడు మైళ్ళ నడక లేదు. ప్రశ్న మాత్రం ఖడక్ సింగ్‌దే. ఈసారి సుబ్బారావుగారి పక్షం గెలిచినది.

నియమావళి వెలువడిన తరువాత నేను తొమ్మిదవ సెక్షను, బస్సుకు సంబంధించిన మినహాయింపు ఒక కాగితం మీద వ్రాసుకొని మళ్ళీ బడికి పోయినాను. గుమాస్తా చదివి, “ఇంకా టైమున్నది కద సార్” అన్నాడు. ఉన్నమాటే. ప్రిన్సిపాలు గారు మాత్రం కాగితం తీసుకొని, యాప్ తయారుచేసినవారికి ఫోను చేసినారు. పేర్లు తీయుట పది నిమిషాల పని అని వారు చెప్పినారట. ఇప్పుడు ఆ తెరమీద మా అమ్మాయి దిగేచోట పేరు లేదు, తరగతి లేదు, ఏడవ స్టాపు అని మాత్రం ఉన్నది. గడచిన రెండేండ్లలో పోగైన లెక్కలను చెరిపినారా అని అడిగినాను. కనుక్కొని చెప్తామన్నారు.